ఆటలతో చదువు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బడులు తెరవగానే ప్రీస్కూలు గుమ్మం దగ్గర వినిపించే ప్రశ్నలు ఇవి. కొన్ని తల్లిదండ్రులవి, కొన్ని తాతయ్య, నాయనమ్మలవి. చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులే ఇచ్చాం. అక్షరాల గురించి, అంకెల గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాల్సి వచ్చింది.

పిల్లలు రోజంతా ఆడుకుంటూనే కనిపిస్తున్నారు. చదువు ఎప్పుడు చెబుతారు?

తరగతి గదిలో ఒక మూల కూరగాయల కొట్టు పెట్టారనుకోండి. నాలుగు బుట్టలు, అట్టముక్కల మీద రాసిన ధరలు, ఒక పాత త్రాసు, కాగితం నోట్లు ఉన్నాయి. ఐదేళ్ల పాప కొట్టు యజమాని. ఇంకో పాప సంచి పట్టుకుని వచ్చింది. “టమాటాలు ఎంతమ్మా?” “కిలో పది రూపాయలు.” “అమ్మో! ఎనిమిదికి ఇస్తావా?”

ఈ బేరంలో ఏం జరుగుతోందో గమనించండి. పది కన్నా ఎనిమిది తక్కువని ఇద్దరికీ తెలుసు. త్రాసు ఎటు ఒరిగిందో చూసి బరువులు పోలుస్తున్నారు. అట్టముక్క మీది గీతలకు అర్థం ఉంటుందని గ్రహించారు. చదవడం నేర్చుకోవడానికి మొదట తెలియాల్సింది అదే. వెనక నిలబడిన పిల్లవాడు తన వంతు కోసం ఆగాడు. కొట్టు యజమానికి ఎదురుగా ఉన్న క్యారెట్ కొరకాలని ఉన్నా, అమ్మేవాళ్లు సరుకు తినకూడదు కాబట్టి ఊరుకుంది. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ ప్రత్యేకంగా పట్టించుకున్నది ఈ చివరి సంగతినే. నటించే ఆటలో పిల్లలు తమ వయసుకు మించిన నిగ్రహం చూపిస్తారని ఆయన గుర్తించారు.

ఇదే పాఠాన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, పది పెద్దదా ఎనిమిది పెద్దదా అని అడిగి కూడా చెప్పించవచ్చు. జవాబు వస్తుంది, మిగతావేవీ రావు.

అయితే పిల్లలను గదిలో వదిలేసి టీచరు ఫోను చూసుకుంటూ కూర్చుంటే దాన్ని ఆటలతో బోధన అనలేం. అది కాపలా. కొట్టులో త్రాసు ఉండాలని ముందురోజే అనుకుని తెచ్చి పెట్టింది టీచరే. ఆట మందగించినప్పుడు “నేను సంచి మరిచిపోయాను, ఇప్పుడెలా?” అంటూ ఆటలోకి వచ్చేదీ టీచరే. పాఠం ఆ సన్నాహంలో ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడి చూసేవారికి అది కనబడదు, అందుకే ఈ ప్రశ్న ప్రతి ఏటా వస్తుంది.

మరి దీనికి సిలబస్ అంటూ ఏదైనా ఉందా? ఎవరికి తోచింది వాళ్లు చెబుతారా?

ఉంది. జాతీయ విద్యా విధానం 2020 మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న కాలాన్ని పునాది దశగా లెక్కించింది. ప్రీస్కూలు మూడేళ్లు, ఆపైన ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే దశ అన్నమాట. ఆ దశకు పాఠ్య ప్రణాళికా చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. శరీర ఎదుగుదల, భావోద్వేగాలు, తోటివారితో మెలిగే తీరు, ఆలోచనాశక్తి, భాష, కళలు, మంచి అలవాట్లు ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రతి అంశం కింద ఏ వయసులో ఏం వచ్చి ఉండాలో రాశారు. 2023 ఫిబ్రవరిలో ‘జాదుయీ పిటారా’ పేరుతో ఆటవస్తువులు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలు ఉన్న పెట్టెను విడుదల చేశారు. అంగన్‌వాడీల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో ‘ఆధారశిల’ అనే ప్రణాళికను వేరుగా తెచ్చింది.

తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదని ఆ చట్రమే చెబుతోంది. నర్సరీ పాపకు పదకొండు పుస్తకాల కట్ట అంటగట్టి డబ్బు వసూలు చేసే బడిని, ఇది ఏ ప్రణాళిక ప్రకారం ఇచ్చారని నిస్సంకోచంగా అడగవచ్చు.

పిల్లలు తమంతట తాము ఆడుకునేదానికి, టీచరు ఆడించేదానికి తేడా ఉందా?

ఉంది, రెండూ కావాలి. ఇసుకలో పిల్లవాడు తనంతట తాను గొయ్యి తవ్వుతున్నప్పుడు ఏం చేయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయం వాడిదే. టీచరు పక్కన ఒక గరాటు, రెండు వేర్వేరు సైజుల డబ్బాలు పెట్టి, “ఈ చిన్న డబ్బాతో ఎన్నిసార్లు పోస్తే పెద్దది నిండుతుంది?” అని అడిగితే, ఆట వాడిదే, దారి మాత్రం టీచరు చూపించింది. మూడోది నియమాల ఆట. వీరి వీరి గుమ్మడిపండు, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు ఈ కోవలోకి వస్తాయి. నాలుగేళ్లు దాటాక వీటి రుచి తెలుస్తుంది. మూడేళ్ల పిల్లలకు దాగుడుమూతలు ఆడించి చూడండి, దాక్కున్నవారే “నేను ఇక్కడున్నా!” అని అరుస్తారు. అది తెలివితక్కువతనం కాదు, ఆ వయసు అంతే.

పాటకు చప్పట్లు కొట్టించడం, రంగు నింపడానికి గీసి ఉన్న బొమ్మ ఇవ్వడం, ‘ఆపిల్ ఎరుపు’ అని ముప్పైమంది చేత ఒకేసారి అనిపించడం కూడా ఆటగానే చలామణి అవుతుంటాయి. పిల్లవాడు నిర్ణయించేది ఒక్కటీ లేనప్పుడు దాన్ని ఆట అనడం కష్టం.

ఒక మామూలు రోజు ఎలా గడుస్తుంది?

మూడు, నాలుగు గంటలు చాలు. పిల్లలు రాగానే ముప్పావుగంట వరకు తమకు నచ్చిన మూలకు వెళ్తారు: చెక్క దిమ్మెలు, బొమ్మల వంటలు, పుస్తకాలు, రంగులు. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని ఇవాళ ఎవరు రాలేదో లెక్కపెట్టడం, వాన పడిందా ఎండ కాసిందా అని చెప్పుకోవడం. ఆపైన చిన్న గుంపులుగా ఒక పని, బయట పరుగులు, చేతులు కడుక్కుని తినడం, కథ. ఎండాకాలంలో బయటి ఆటను పొద్దున్నే పెట్టుకోవాలి. పదకొండింటికి విజయవాడలోనో రామగుండంలోనో పిల్లలను ఆరుబయటికి పంపే టైంటేబుల్ కాగితం మీదే బాగుంటుంది.

అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూలు నుంచి వచ్చిన ఒక అలవాటు చాలాచోట్ల పనికొస్తోంది. ఆడబోయే ముందు పిల్లలు ఏం చేయబోతున్నారో చెబుతారు. చేస్తారు. తర్వాత ఏం చేశారో గుర్తు చేసుకుని చెబుతారు. దీనికి పైసా ఖర్చు లేదు. “నేను వంతెన కడతా” అన్న పిల్లవాడు చివర్లో “అది పడిపోయింది, కింద పెద్ద దిమ్మె పెట్టాను” అని చెప్పాడంటే భాష, జ్ఞాపకం, కారణం చెప్పడం మూడూ అయ్యాయి. ఆ ప్రీస్కూలు పరిశోధనలో పాల్గొన్న 123 మంది పిల్లలను నలభై ఏళ్ల వయసు దాకా గమనించారు. ప్రీస్కూలుకు వెళ్లినవారు వెళ్లనివారికన్నా మెరుగైన సంపాదనతో, తక్కువ నేర కేసులతో ఉన్నట్టు తేలింది.

అక్షరాభ్యాసం చేయించాం. పలక మీద బాగానే దిద్దుతోంది. ఇక నాలుగు గీతల పుస్తకం ఇవ్వవచ్చు కదా?

బాసరలోనో ఇంట్లోనో బియ్యంలో వేలితో ఓం, అఆలు దిద్దించడం మంచి సంప్రదాయం. పైగా ఆ పద్ధతిలో మెళకువ ఉంది: పెన్సిలు లేదు, గీత లేదు, తప్పుపోతే బియ్యం సర్దేస్తే చాలు. చిక్కు మర్నాటి నుంచి మొదలవుతుంది. అక్షరాభ్యాసం అయింది కాబట్టి రోజుకు రెండు పేజీలు రాయాలంటారు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థిగానే ఉండి, ఏళ్ల మీద ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్లకు ఇంకా సగం పని కూడా పూర్తి కాదు. వేళ్లలో బలం, కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం, బొటనవేలు చూపుడువేలు మధ్య వస్తువును పట్టుకోవడం రాకముందే పెన్సిలు ఇస్తే పిల్లలు దాన్ని పిడికిలిలో బిగించి పడతారు. ఆ పట్టు అలవాటైతే తర్వాత మార్చడం కష్టం.

మరి ఏం చేయించాలి? చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకమనండి. బఠానీ కాయలు ఒలిపించండి. పాత కాగితాలు చింపనివ్వండి. ముగ్గుపిండిని రెండు వేళ్ల మధ్య తీసుకుని గీత వెంట వదలడం పెన్సిలు పట్టుకు చాలా దగ్గరగా ఉండే కసరత్తు. చుక్కల ముగ్గు రాకపోయినా, వంకర గీత వచ్చినా చాలు. తర్వాత సుద్దముక్క, లావాటి క్రేయాన్, ఆపైన పెన్సిలు.

అక్షరాల వరుస గురించి కూడా ఒక మాట. ‘అ’ రాయడానికి చెయ్యి ఎన్ని మలుపులు తిరగాలో ఒకసారి మీరే నెమ్మదిగా రాసి చూడండి. దాంతో పోలిస్తే ‘ర’, ‘గ’ తేలిక. రాయడానికి సులువైనవీ, పాపకు తెలిసిన మాటల్లో ఉన్నవీ ముందు పరిచయం చేయడంలో తప్పేమీ లేదు. వర్ణమాల వరుస నోటికి రావడం వేరు, అక్షరం రాయడం వేరు. మొదటిది పాటలా ఎప్పుడైనా వస్తుంది.

ఐదేళ్లు నిండిన పాప తనంతట తాను పేరు రాసుకుంటానంటే ఆపవద్దు. ‘ఇంకా వయసు రాలేదు’ అని పెన్సిలు లాక్కోవడం కూడా చాదస్తమే.

మా బాబు వంద వరకు అంకెలు గడగడా చెబుతాడు. లెక్కలు వచ్చినట్టే కదా?

వంటింట్లోంచి ఐదు చెంచాలు తెమ్మనండి. తెచ్చాడా? ఒక గిన్నెలో ఏడు రేగిపళ్లు పోసి లెక్కపెట్టమనండి. ఒక్కో పండుకు ఒక్కో అంకె అంటున్నాడా, లేక వేలు ఒకచోట, నోరు ఒకచోట పోతున్నాయా? లెక్కపెట్టాక “మొత్తం ఎన్ని?” అంటే ఏడని చెబుతున్నాడా, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడా? అవే పళ్లను దూరం దూరంగా పరిస్తే ఎక్కువయ్యాయంటున్నాడా?

వంద వరకు చెప్పగలిగిన పిల్లలు ఐదు చెంచాల దగ్గర తడబడటం మామూలే. కంగారుపడకండి, అంకెల పేర్లు ముందు రావడం సహజం. వాటికి అర్థం వస్తువులతో వస్తుంది. మన వామనగుంటల పీట ఇందుకు భలేగా పనికొస్తుంది. అందులో పద్నాలుగు గుంటలు, రెండు వరుసలు. ఒక గుంటలోని గింజలు తీసి, ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. ఒక వస్తువుకు ఒక స్థానం అనే సూత్రం చేతికి అలా పట్టుబడుతుంది. నియమాలన్నీ ఆరేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు, గింజలు పంచుకుంటూ పోవడమే నాలుగైదేళ్లవారికి సరిపడే ఆట. ఇంట్లో భోజనానికి ఎందరుంటే అన్ని కంచాలు పెట్టించడం కూడా ఇదే లెక్క.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. పిల్లలు గందరగోళపడరా?

రెండు భాషలు వినడం వల్ల గందరగోళం రాదు. వచ్చేది ఎప్పుడంటే, తెలిసిన భాషలో నోరు తెరవనివ్వనప్పుడు. ఎనిమిదేళ్ల వరకు ఇంటి భాషలోనే ప్రధానంగా బోధన సాగాలని పాఠ్య ప్రణాళికా చట్రం చెబుతోంది. ఇందులో ఆర్భాటమేమీ లేదు. ‘కింద’, ‘మీద’, ‘మధ్యలో’, ‘అందుకని’ అనే భావాలు ఏ భాషలో గట్టిపడినా రెండో భాషకు ఆ బలం వెళ్తుంది. కథ విని “పిల్లి ఎందుకు పారిపోయింది?” అన్న ప్రశ్నకు తెలుగులో నాలుగు వాక్యాల జవాబు చెప్పే పాప, ఇంగ్లీషులో ‘క్యాట్’ అని ఒక్క మాట అనే పాప కన్నా ముందే ఉంది.

బడిలో ఇంగ్లీషు పాటలు, ఆటలు, సూచనలు వినిపిస్తే మంచిదే. తెలుగులో మాట్లాడినందుకు మందలించే చోట మాత్రం చేర్పించవద్దు. ఇంకో సంగతి మనవాళ్లు తరచుగా మరిచిపోతారు. ఉట్నూరులోని గోండు పిల్లలకు, సీతంపేట వైపు సవర పిల్లలకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు బడిలో మన పాపకు కలిగే ఇబ్బందే తెలుగు అంగన్‌వాడీలో వారికి కలుగుతుంది. వారి ఇంటి భాష మాట్లాడే టీచరో ఆయానో ఉండటం అక్కడ మొదటి అవసరం.

‘మాంటిస్సోరి’ అని బోర్డు ఉంటే ఆటలతో బోధన ఉన్నట్టేనా?

బోర్డును బట్టి చెప్పలేం. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, పెట్టుకుంటున్నారు కూడా. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని ఒక పేదల వాడలో మొదటి శిశుగృహం తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉంటారు, ప్రత్యేకంగా తయారైన వస్తువులతో ఎవరి పని వారు ఎంచుకుంటారు. నటించే ఆటలకు ఆమె అంత ప్రాధాన్యం ఇవ్వలేదు. బొమ్మ పళ్లు కోయడం కన్నా నిజమైన అరటిపండు కోయడం మేలన్నది ఆమె వైఖరి. ఈ విషయంలో ఆమెతో విభేదించేవారు చాలామందే ఉన్నారు, మేమూ ఆ వైపే. కానీ నీళ్లు ఒంపుకోవడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనులను పాఠంగా చూడటం ఆమె నుంచి నేర్చుకోవాల్సిందే.

మన దేశంలో ఈ ఆలోచనను పేదల దగ్గరికి తెచ్చినవారిలో ఇద్దరిని చెప్పుకోవాలి. గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. తారాబాయి మోదక్ ఆయనతో పనిచేసి, తర్వాత మహారాష్ట్ర తీరంలో ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిళ్లలోకి తీసుకెళ్లారు. ఆకులు, గింజలు, గవ్వలే అక్కడ బోధనోపకరణాలు. లక్షల విలువైన సామగ్రి లేనిదే ఈ పద్ధతి కుదరదని చెప్పేవారికి అదే సమాధానం.

అంగన్‌వాడీకి పంపితే వెనకబడిపోతారా?

ఇది కేంద్రాన్ని బట్టి ఉంటుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పోషకాహారం, టీకాలతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా భాగమే. ఒకే టీచరు బరువులు తూచాలి, గుడ్లు పంచాలి, రిజిస్టర్లు, యాప్ నింపాలి. ఆటకు సమయం మిగలకపోవడం ఆమె తప్పు కాదు. మీ వీధి కేంద్రానికి పొద్దున పదింటికి ఒకసారి వెళ్లి చూడండి. పిల్లలు మాట్లాడుతూ, పాడుతూ, ఏదో కడుతూ కనిపిస్తే, వరుసగా కూర్చోబెట్టి రాయించే ఖరీదైన నర్సరీ కన్నా అదే నయం.

చేర్పించే ముందు బడిలో ఏం చూడాలి?

గోడలు చూడండి. ముప్పై ఒకేలాంటి కాగితపు సీతాకోకచిలుకలు వేలాడుతుంటే అవి టీచరు చేసినవే. పిల్లల గీతలు, వారి కంటి ఎత్తులో ఉన్నాయా? బొమ్మలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా, చేతికి అందుతున్నాయా? 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్లవారిలో ఇరవైమందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ముప్పైమందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలి. అపార్టుమెంటు సెల్లారులో నడిచే బడిలో ఈ రెండో సంఖ్య అడిగితే చాలా విషయాలు తెలుస్తాయి. మరుగుదొడ్డి తప్పక చూడండి. టీచర్లు ఎంతకాలంగా పనిచేస్తున్నారో అడగండి.

ఇంత ఆడించాక ఒకటో తరగతిలో చేరేటప్పుడు పరీక్ష పెడితే?

పెట్టకూడదు. విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టడం నేరం. మొదటిసారికి 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతిసారికి 50,000 వరకు జరిమానా ఉంది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నది జాతీయ విద్యా విధానం. ఐదేళ్లకే నెట్టేసి ‘ఒక ఏడాది కలిసొచ్చింది’ అనుకునేవారికి ఒక సంగతి: ఫిన్లాండులో ఏడేళ్లు వచ్చే ఏడాదే ఒకటో తరగతి.

ఇంట్లో ఏ బొమ్మలు కొనాలి?

కొనక ముందు ఉన్నవి చూసుకోండి. గిన్నెలు, మూతలు, పాత దుప్పటి, అట్టపెట్టెలు ఉంటే గుజ్జనగూళ్ల నుంచి రైలుబండి దాకా అన్నీ తయారవుతాయి. కొనాలనుకుంటే చెక్క దిమ్మెల సెట్టు అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆడిస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో, సహజ రంగులతో చేస్తారు కాబట్టి చిన్నపిల్లలకు బాగుంటాయి. కొండపల్లి బొమ్మలు సున్నితమైనవి, బొమ్మల కొలువులో పెట్టి వాటి చుట్టూ కథలు చెప్పుకోవచ్చు. బ్యాటరీ వేస్తే తనే పాడి, తనే ఆడే బొమ్మతో పిల్లలకు చేయడానికి ఏమీ మిగలదు.

జాగ్రత్త మాత్రం మరవకండి. చింతగింజలు, శనగలు, గోళీలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర ఉండకూడదు. నాలుగైదేళ్లవారు ఆడుకునేటప్పుడు కూడా పక్కన పెద్దవారు ఉండాలి. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. అలాంటి అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫోనులో చదువుల ఆటలు ఉన్నాయిగా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్లవారు రోజుకు గంటకు మించి తెర చూడకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు కదలాలి, అందులో గంటసేపు ఒళ్లు అలిసేలా. ఫోను ఈ గంటలనే తినేస్తుంది. అన్నం తినిపించేటప్పుడు ఫోను ఇవ్వడం మానితే సగం గొడవ తీరుతుంది. మొదటి వారం మాత్రం ఓపిక పట్టాలి.

మా పాప ఒక్కతే ఆడుకుంటుంది. సమస్యా?

మూడేళ్లకు ఒంటరిగానో, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారో ఆడుకోవడం సహజం. కలిసి ఆడటం నాలుగు దాటాక పెరుగుతుంది. కానీ పేరు పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, మూడేళ్లు వచ్చినా మాటలు కలిపి చెప్పకపోవడం గమనిస్తే ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అని ఆగవద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.

మా అబ్బాయి ఎప్పుడూ వంట ఆటే ఆడతాడు.

వండనివ్వండి. ఉప్పు సరిపోయిందో లేదో మీరు రుచి చూసి చెప్పండి.

పరీక్షలు లేకపోతే పిల్లల ప్రగతి ఎలా తెలుస్తుంది?

టీచరు రాసుకున్న పరిశీలనలు, పిల్లల పనుల దస్త్రం అడగండి. ‘ఏ గ్రేడ్’ కన్నా “జులైలో మూడు దిమ్మెలు పేర్చేది, నవంబరులో గోపురం కూలకుండా అడుగున వెడల్పు పెడుతోంది” అన్న వాక్యం ఎక్కువ చెబుతుంది. అలాంటి వాక్యం ఒక్కటైనా మీ పాప గురించి చెప్పలేని టీచరు, పాపను చూడటం లేదు.

రోజూ బట్టల నిండా మట్టి, రంగులు. ఏం చేయమంటారు?

పాతవి వేసి పంపండి. ఒక జత సంచిలో పెట్టండి. పసుపుతో చేసిన రంగు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, పోస్టర్ రంగును తడిగా ఉన్నప్పుడే చన్నీళ్లతో కడగాలి. పండగ గౌన్లు మాత్రం ఫోటోల రోజుకు దాచండి.